మాంక్‌కి డ్రాగన్ ఊపిరి పోయడం ఎలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆటలో నేను మొదటిసారి తయారు చేసిన డ్రాగన్ మాంక్ (మాంక్ అంటే ఉత్త చేతులతో కూడా పోరాడే సన్యాసి పాత్ర) మూడో లెవెల్‌లోనే ప్రతి టర్నూ నిప్పులు కక్కేవాడు. దెబ్బకి 6డీ6 డ్యామేజ్ (ఆరు ముఖాల పాచికలు ఆరు వేసి కూడినంత), ఖర్చు సున్నా. రెండో ఫైట్ సగంలో ఉండగా మా టేబుల్ దగ్గర విజర్డ్ ఆడే మిత్రుడు ఫోన్ తీసి రీల్స్ చూసుకోవడం మొదలుపెట్టాడు. నోరు తెరిచి ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు.

ఆ సబ్‌క్లాస్‌ని (మాంక్ లాంటి ఒక క్లాస్‌లో ఎంచుకునే ప్రత్యేక శాఖని) చించేసి మళ్ళీ రాశాను, దాన్నీ చించేసి ఇంకోసారి రాశాను. మూడోది నిలబడింది. అది ఎలా తయారైందో వరుసగా చెబుతాను, మీరు మీ సొంతది తయారు చేసుకోండి. ఇక్కడ చెప్పేదంతా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నియమాల ప్రకారం. మీ టేబుల్ 2024 నియమాలకి మారిపోయి ఉంటే ఏం మార్చాలో చివర్లో ఉంది.

1. ముందు మాంక్‌ని చూడండి

సరదా అంతా డ్రాగన్‌లోనే ఉంటుంది కాబట్టి అందరం అక్కడే మొదలుపెడతాం. రెక్కలు, పొలుసులు, గర్జన అన్నీ రాసేసుకున్నాక, అవి ఏ క్లాస్ మీద కూర్చోవాలో అప్పుడు గుర్తొస్తుంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంటుంది పని.

మాంక్‌కి సబ్‌క్లాస్ ఫీచర్లు వచ్చేది 3, 6, 11, 17 లెవెల్స్‌లో. నాలుగే గళ్ళు. ఐదో గడి లేదు. కీ పాయింట్లు (మాంక్ తన విద్యలకి ఖర్చు పెట్టే అంతఃశక్తి) రెండో లెవెల్ నుంచి లెవెల్‌కి ఒకటి చొప్పున ఉంటాయి, షార్ట్ రెస్ట్ తీసుకుంటే తిరిగొస్తాయి. అంటే మీ సబ్‌క్లాస్ మొదలయ్యే మూడో లెవెల్‌లో మాంక్ జేబులో ఉండేది మూడు కీ. ఫ్లరీ ఆఫ్ బ్లోస్‌కి (అదనంగా రెండు గుద్దులు) ఒకటి, పేషెంట్ డిఫెన్స్‌కి (దెబ్బలు కాచుకోవడం) ఒకటి, స్టెప్ ఆఫ్ ది విండ్‌కి (వేగంగా కదలడం) ఒకటి, ఐదో లెవెల్ వచ్చాక స్టన్నింగ్ స్ట్రైక్ (శత్రువుని స్తంభింపజేసే దెబ్బ) ప్రయత్నించిన ప్రతిసారీ ఒకటి. నెలాఖరు జీతం లాంటి పర్సు అది. అందులోంచి మీరు కూడా చెయ్యి పెట్టబోతున్నారు.

ఇక్కడ దెబ్బతిన్న ఉదాహరణ అసలు నియమాల పుస్తకంలోనే ఉంది. నాలుగు భూతాల దారి (వే ఆఫ్ ది ఫోర్ ఎలిమెంట్స్) పట్టిన మాంక్ బర్నింగ్ హ్యాండ్స్ అనే నిప్పు స్పెల్ వాడాలంటే రెండు కీ కట్టాలి. మూడో లెవెల్‌లో ఒక్కసారి నిప్పు ఊదితే పర్సులో మూడింట రెండు వంతులు ఖాళీ. తర్వాత ఆ మాంక్ చేసేదేమీ ఉండదు, మామూలుగా గుద్దుకోవడం తప్ప. ఐడియా చూస్తే అద్భుతం. ఆడుతుంటే నీరసం.

కీ ఒక్కటే కాదు. బోనస్ యాక్షన్‌కీ (మీ టర్న్‌లో చేసే అదనపు చిన్న పని) రియాక్షన్‌కీ (ఏదైనా జరిగినప్పుడు వెంటనే స్పందించే అవకాశం) కూడా ఇప్పటికే గిరాకీ ఉంది. ఒక కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి కీ, బోనస్ యాక్షన్, రియాక్షన్ అని రాసి, ఒక్కోదాన్ని మాంక్ ఇప్పటికే దేనికి వాడుతున్నాడో కింద రాసుకోండి. పది నిమిషాల పని. తర్వాత మీరు కనిపెట్టే ప్రతి ఫీచర్‌నీ ఈ కాగితం పక్కన పెట్టి చూడాలి, కాబట్టి పారేయకండి.

2. డ్రాగన్‌లో ఒక్కటే తీసుకోండి

డ్రాగన్ అంటే ఏముంది? పొలుసులు, గోళ్ళు, రెక్కలు, ఊపిరి, చూస్తేనే వణుకు పుట్టించే ఆకారం, కింద బంగారపు గుట్ట. మొదటి డ్రాఫ్ట్‌లో నేను ఆరూ పెట్టాను. ఏదీ పూర్తిగా పండలేదు.

నాలుగే గళ్ళు కాబట్టి ఒక్క విషయాన్ని పట్టుకుని నాలుగుసార్లు పెంచడం మేలు. ఏది పట్టుకోవాలో తేల్చుకోవడానికి నేను వేసుకున్న ప్రశ్న: డ్రాగన్ చేసేవాటిలో మాంక్ కూడా చేసేది ఏది? గుట్ట మీద కూర్చోవడం కాదు, అన్నీ వదిలేసినవాడు మాంక్. (ఆ వైరుధ్యం మీదే ఒక సబ్‌క్లాస్ రాయొచ్చు. ఏమీ దాచుకోని మాంక్ దేన్ని పోగేస్తాడు? రుణాలా, రహస్యాలా? ఎవరైనా రాస్తే ఆడాలని ఉంది.) పొలుసులు బార్బేరియన్‌కి బాగుంటాయి. మిగిలింది ఊపిరి. డ్రాగన్ ఆయుధం ఊపిరి, మాంక్ సాధన ఊపిరి.

ఆ మాట అనుకోగానే ఫీచర్ల పేర్లు నాకు వెతక్కుండానే దొరికాయి. ప్రాణాయామం ఒక్క క్లాసుకి వెళ్ళినా తెలిసేవే: పూరకం, కుంభకం, రేచకం. పీల్చడం, బిగబట్టడం, వదలడం. పేర్లే కాదు, మెకానిక్ కూడా అందులోనే ఉంది. పీల్చి, పట్టి ఉంచి, సరైన క్షణంలో వదిలేవాడు ఈ మాంక్. ఎప్పుడు వదలాలన్నదే ఆటగాడి నిర్ణయం. నా మొదటి డ్రాఫ్ట్‌లో లేనిది సరిగ్గా ఇదే. ప్రతి టర్నూ నిప్పు వస్తుంటే నిర్ణయించుకోవడానికి ఏముంటుంది?

మీరు ఊపిరే తీసుకోవాలని లేదు. గోళ్ళు తీసుకోండి, భయం తీసుకోండి. ఒక్కటే తీసుకోండి, అంతే.

3. మూడో లెవెల్ ఫీచర్ రాయండి

సబ్‌క్లాస్ అసలు ప్రాణం ఇక్కడే. చాలా క్యాంపెయిన్లు పదకొండో లెవెల్ దాకా వెళ్ళనే వెళ్ళవు, కాబట్టి మీ శ్రమలో సగం ఈ గడికే పెట్టండి. నేను రాసింది ఇది:

కుంభకం. ఇనిషియేటివ్ రోల్ (ఫైట్ మొదట్లో ఎవరి టర్న్ ముందో తేల్చే పాచిక) అయ్యాక, మీ టర్న్‌లో కనీసం ఒక మెలీ (దగ్గర నుంచి కొట్టే) దాడి తగిలితే, టర్న్ చివర ఒక ఊపిరి డైస్ పోగవుతుంది. ఊపిరి డైస్ అంటే మీ మార్షల్ ఆర్ట్స్ డైస్ (మాంక్ గుద్దుకి వేసే, లెవెల్‌తో పెరిగే పాచిక) సైజే. మీ ప్రొఫిషియన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే నైపుణ్యపు అంకె) ఎంతో అన్ని డైస్ మించి పట్టి ఉంచలేరు. చివరి డైస్ పోగై ఒక నిమిషం దాటినా, మీరు స్పృహ తప్పినా అన్నీ పోతాయి.

పూరకం. బోనస్ యాక్షన్‌గా ఒక కీ ఖర్చు పెట్టి రెండు ఊపిరి డైస్ పోగు చేసుకోవచ్చు.

రేచకం. అటాక్ యాక్షన్ తీసుకున్నప్పుడు ఒక దాడి బదులు, పట్టి ఉంచిన ఊపిరంతా 15 అడుగుల కోన్‌లో వదలొచ్చు. అందులో ఉన్న ప్రతి ప్రాణీ మీ కీ సేవ్ డీసీకి (అందుకోవాల్సిన అంకె) డెక్స్టెరిటీ సేవింగ్ త్రో (చురుకుతనంతో తప్పించుకోవడానికి వేసే పాచిక) వేయాలి. ఫెయిలైతే ఒక మార్షల్ ఆర్ట్స్ డైస్ ప్లస్ పట్టి ఉంచిన డైస్ అన్నీ కలిపి డ్యామేజ్, పాసైతే సగం.

దీనికి తోడు డ్రాకోనిక్ భాష చదవడం, రాయడం, మాట్లాడటం. ఇలాంటి చిన్న బహుమతి ఒకటి మూడో లెవెల్‌లో ఉండాలి. ఫైట్ లేని సెషన్‌లో కూడా ఆటగాడికి తన సబ్‌క్లాస్ గుర్తుండాలి కదా.

ఊపిరి తిరిగి రావడానికి డ్రాగన్లకి ఉన్న పద్ధతే మాంక్‌కి ఎందుకు పెట్టలేదని మీకు అనిపించొచ్చు. డ్రాగన్ తన టర్న్ మొదట్లో ఒక డీ6 వేస్తుంది, 5 గానీ 6 గానీ పడితే ఊపిరి మళ్ళీ సిద్ధం. డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) చేతిలో ఉన్న రాక్షసుడికి అది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ టెన్షన్ అంతా అవతలి వైపు కూర్చున్నవాళ్ళది. ఆటగాడి చేతికిస్తే మూడింట రెండు టర్నులు "రాలేదు" అని చెప్పుకోవడమే సరిపోతుంది. నా రెండో డ్రాఫ్ట్ అలా పోయింది.

4. లెక్క వేయండి, తప్పించుకోకండి

డ్యామేజ్ సరిపోయిందా లేదా అన్నది రెండు రకాలుగా చూడాలి.

మొదటిది, సొంతంగా స్పెల్స్ తయారు చేసుకునేవాళ్ళ కోసం డీఎం గైడ్‌లో ఉన్న పట్టిక. ఒకరి కంటే ఎక్కువ మందికి తగిలే స్పెల్ మొదటి లెవెల్‌ది అయితే 2డీ6, రెండోది 4డీ6, మూడోది 6డీ6, ఆరోది 11డీ6. సగటున వరసగా 7, 14, 21, 38.5. మన రేచకం నిండా పట్టి వదిలితే మూడో లెవెల్ మాంక్‌కి 3డీ4, అంటే 7.5. ఐదో లెవెల్‌లో 4డీ6, 14. పదకొండులో 5డీ8, 22.5. పదిహేడులో 7డీ10, 38.5. నేను పట్టిక చూసి రాసింది కాదు ఇది, రాశాక పట్టిక పక్కన పెట్టి చూసుకున్నాను. ఆ రోజు సాయంత్రం కాస్త గర్వంగా టీ తాగిన మాట నిజం.

రెండోది ఇంకా ముఖ్యం. మాంక్ ఈ ఫీచర్ వాడకుండా, మామూలుగా ఫ్లరీ కొట్టుకుంటూ పోతే ఎంత వస్తుంది? అంతకంటే మరీ ఎక్కువొస్తే సబ్‌క్లాస్ టేబుల్‌ని మింగేస్తుంది, తక్కువొస్తే ఎవరూ వాడరు.

ఐదో లెవెల్ మాంక్, డెక్స్టెరిటీ 18 అనుకోండి. రెండు చేతులతో పట్టిన క్వార్టర్‌స్టాఫ్ దెబ్బకి సగటు 8.5, ఉత్త చేతి దెబ్బకి 7.5. నూటికి 65 సార్లు తగులుతుందనుకుందాం. ఫ్లరీ టర్న్‌లో రెండు కర్ర దెబ్బలు, రెండు గుద్దులు: మొత్తం 32, అందులో 65 శాతం 20.8. రెండు టర్నులకి 41.6, ఖర్చు రెండు కీ.

ఇప్పుడు మనవాడు. మొదటి టర్న్‌లో రెండు కర్ర దెబ్బలు, బోనస్ యాక్షన్‌తో పూరకం: డ్యామేజ్ సుమారు 11, చేతిలో మూడు డైస్ నిండుగా. రెండో టర్న్‌లో ఒక కర్ర దెబ్బ 5.5, రేచకం, ఆపై ఫ్లరీ 9.75. రేచకం సగటు 14, పదిమందిలో ఆరుగురు సేవ్ ఫెయిలైతే ఒక్కో శత్రువుకి 11.2 పడుతుంది. ఖర్చు అదే రెండు కీ.

ఎదురుగా ఒక్కడే ఉంటే మొత్తం 37.5. ఇద్దరుంటే 48.7. ముగ్గురుంటే దాదాపు 60.

ఒక్కడి మీద ఫ్లరీ గెలవాలి, గుంపు మీద ఊపిరి గెలవాలి. అంకెలు అలా పడినప్పుడే టేబుల్ మీద ఆటగాడు ఆగి ఆలోచిస్తాడు. మీ ఫీచర్ ఒక్కడి మీద కూడా ఫ్లరీని దాటేస్తే డైస్ తగ్గించండి. ముగ్గురి మీద కూడా దాటకపోతే పెంచండి.

ఒక్క చోట మాత్రం ఈ లెక్క వంకర పోతుంది. స్టన్ అయినవాళ్ళు డెక్స్టెరిటీ సేవ్ ఆటోమేటిక్‌గా ఫెయిలవుతారు. మొదటి దెబ్బకి స్టన్నింగ్ స్ట్రైక్ తగిలించి, రెండో దెబ్బ బదులు ఊపిరి వదిలితే పూర్తి డ్యామేజ్ ఖాయం. దీన్ని నేను మూయలేదు. ఇంకో కీ పెట్టి, అవతలివాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ ఫెయిలైతేనే కుదిరే పని అది, ఆమాత్రం తెలివి చూపించినవాడికి దక్కనివ్వండి.

5. ఆరో లెవెల్: నియమం రాసేటప్పుడు ఒక్కో మాటా చూసుకోవాలి

ఆరో లెవెల్‌లో చాలామంది చెయ్యి రెక్కల మీదికే పోతుంది. కాస్త ఆగండి. ఈ గడిలో నేను పూరకాన్నే పెంచాను. డ్రాగన్ ఊపిరిని ఎదుర్కొన్న మాంక్ ఏం చేస్తాడు? దాన్నే పీల్చేస్తాడు.

మొదట రాసుకున్నది ఇలా ఉంది: "యాసిడ్, చలి, నిప్పు, మెరుపు, విషం, వీటిలో ఏదైనా డ్యామేజ్ మీకు తగిలినప్పుడు, రియాక్షన్‌గా ఒక మార్షల్ ఆర్ట్స్ డైస్ ప్లస్ మీ మాంక్ లెవెల్ అంత తగ్గించుకోవచ్చు. ఒక ఊపిరి డైస్ పోగవుతుంది. మీ తర్వాతి రేచకం ఆ రకం డ్యామేజ్‌గా వదలొచ్చు."

చదవడానికి బాగానే ఉంది. ఆరో లెవెల్‌లో సగటున తగ్గేది 9.5. మొదటి లెవెల్ స్పెల్ అబ్జార్బ్ ఎలిమెంట్స్ అయితే ఫైర్‌బాల్ సగటు 28ని 14 చేస్తుంది, మనది 18.5 చేస్తుంది. ఖర్చు లేని ఫీచర్ ఆ స్పెల్ కంటే ఓ మెట్టు కింద ఉండటం సబబే.

తప్పు ఎక్కడుందో ఏడో లెవెల్‌కి గానీ బయటపడలేదు. ఏడులో మాంక్‌కి ఎవేజన్ వస్తుంది: డెక్స్టెరిటీ సేవ్ పాసైతే డ్యామేజ్ సున్నా. సున్నా అయితే "తగిలినప్పుడు" అన్న మాట వర్తించదు. అంటే నిప్పుని చక్కగా తప్పించుకున్న మాంక్‌కి ఊపిరి దక్కదు, తప్పించుకోలేక కాలినవాడికి దక్కుతుంది! సేవ్ పాసయ్యానని ఆటగాడు మొహం వేలాడేసుకున్న దృశ్యం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను.

మార్చింది ఒక్క మాటే: "డ్యామేజ్ మీకు తగిలినప్పుడు" తీసేసి "ఆ రకం డ్యామేజ్ చేసే దాడికి గానీ ప్రభావానికి గానీ మీరు గురైనప్పుడు" అని పెట్టాను. ఇప్పుడు పాసైనా ఫెయిలైనా పీల్చుకోవచ్చు. మీ ప్రతి ఫీచర్‌లోనూ "ఎప్పుడు" అన్న భాగాన్ని ఇలాగే పట్టుకుని, మాంక్ తర్వాతి లెవెల్స్‌లో వచ్చే ఫీచర్లతో ఒకసారి రాపాడించి చూడండి. ముఖ్యంగా ఎవేజన్‌తో, పదో లెవెల్‌లో విషానికి వచ్చే ఇమ్యూనిటీతో.

6. రంగు సంగతి

డ్రాగన్ రంగుని బట్టి డ్యామేజ్ రకం. ఎరుపు, బంగారం, ఇత్తడి డ్రాగన్లవి నిప్పు. నీలం, కంచు మెరుపు. నలుపు, రాగి యాసిడ్. తెలుపు, వెండి చలి. ఆకుపచ్చ ఒక్కటే విషం.

మూడో లెవెల్‌లో ఒకటి ఎంచుకుంటే అదే శాశ్వతం అని పెట్టాను, మారకపోవడంలోనే వ్యక్తిత్వం ఉందని నా నమ్మకం. చిక్కల్లా విషంతో. నడిచే శవాలు, యంత్ర బొమ్మలు, నరకం నుంచి వచ్చేవి చాలావరకు విషానికి లొంగవు. ఆకుపచ్చ తీసుకున్న ఆటగాడు శ్మశానం సెషన్‌లో చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఆరో లెవెల్ దాటితే ఇంకో రకం పీల్చుకుని వదలొచ్చు, అదొక ఊరట. అప్పటిదాకా ముందే హెచ్చరించడం డీఎం బాధ్యత. మీ క్యాంపెయిన్ నిండా శవాలే అయితే ఆకుపచ్చని జాబితాలోంచి తీసేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

7. పదకొండు, పదిహేడు

కోన్ ఎంత పొడుగుండాలన్న ప్రశ్నకి జవాబు డ్రాగన్ వయసులో దొరికింది. ఎర్ర డ్రాగన్ పిల్లకి 15 అడుగులు, ఎదిగే వయసులో 30, పూర్తిగా ఎదిగాక 60. మన మాంక్‌కి కూడా మూడో లెవెల్‌లో 15, పదకొండులో 30, పదిహేడులో 60. ఎంత ఎదిగామో ఆటగాడికి గళ్ళ మ్యాప్ మీదే కనిపిస్తుంది. (డ్యామేజ్‌లో మాత్రం డ్రాగన్లతో పోటీ వద్దు. పిల్లదే 7డీ6 కక్కుతుంది.)

పదకొండులో ఇంకొకటి, ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైనది: కనీసం ఒక ఊపిరి డైస్ పట్టి ఉన్నంతసేపూ మీ నడక వేగంతో ఎగరగలరు. రెక్కలు లేవు. ఊపిరి నిండి తేలుతున్నారు, అంతే. వదిలితే పడతారు.

ఎగరడం ఈ ఆటలో ఖరీదైన విషయం. ఫ్లై స్పెల్ మూడో లెవెల్‌ది, కాన్‌సంట్రేషన్ కూడా అడుగుతుంది. తొందరగా ఇచ్చేస్తే డీఎం తవ్విన గోతులు, కట్టిన గోడలు అన్నీ వృథా. పదకొండు దాకా ఆగితే ఆ బెడద లేదు, తొమ్మిదో లెవెల్‌కే మాంక్ గోడల మీద పరిగెడుతుంటాడు కదా. పైగా మన ఎగరడానికి తాడు కట్టే ఉంది. ఒక్క కీ పెడితే ఒక నిమిషం. గాల్లోంచి నిప్పు వదిలితే నేల మీదికే. స్లో ఫాల్ పదకొండో లెవెల్‌లో 55 దాకా పడిన దెబ్బని తగ్గిస్తుంది, 90 అడుగుల నుంచి పడితే వచ్చేది 9డీ6, మహా అయితే 54. కాబట్టి మాంక్‌కి గీత కూడా పడదు, కానీ రియాక్షన్ ఖర్చయిపోతుంది. ఇప్పుడు మొదట గీసుకున్న కాగితం తీయండి: బాణం పట్టుకోవడం, నిప్పు పీల్చడం, పడకుండా కాచుకోవడం, మూడూ ఒకే రియాక్షన్ కోసం కొట్టుకుంటున్నాయి. అలా కొట్టుకోవడమే కావాలి.

పదిహేడు గురించి ఎక్కువ చెప్పను. అక్కడ ఓపెన్ హ్యాండ్ మాంక్ మూడు కీ పెట్టి ఒక మనిషిని నిలువునా కూల్చగలడు, కాబట్టి పిసినారితనం అక్కర్లేదు. 60 అడుగుల కోన్‌లో మనవాళ్ళు కూడా ఉంటారు, అందుకని మీ విజ్డమ్ మాడిఫయర్ అంతమందికి ఊపిరి తగలకుండా వదిలేయొచ్చు. లాంగ్ రెస్ట్‌కి ఒకసారి ఇనిషియేటివ్ పడగానే ఊపిరి నిండుగా మొదలవుతుంది.

8. కోడి పరీక్ష

ఇనిషియేటివ్ రోల్ అయ్యాకే డైస్ పోగవుతుందని కుంభకంలో ఎందుకు రాశానో చెప్పలేదు. మొదట ఆ మాట లేదు. ఒక సెషన్‌లో తలుపు బద్దలు కొట్టే ముందు మా మాంక్ ఆటగాడు సంతలో రెండు కోళ్ళు కొన్నాడు. ఎందుకని అడిగితే, "తలుపు బయట రెండు టర్నులు కోడిని కొట్టి, ఊపిరి నింపుకుని లోపలికి వెళ్తా" అన్నాడు. నియమాల ప్రకారం నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. కోడి బతికిందా లేదా అన్నది వేరే విషయం.

దెబ్బ తగిలితే ఏదో దక్కుతుంది, ఎవరైనా చస్తే ఏదో దక్కుతుంది అని మీ సబ్‌క్లాస్‌లో ఎక్కడున్నా, ఒక కోడిని తెచ్చి పక్కన పెట్టుకుని ఆలోచించండి. తెలివైన ఆటగాడు రెండో సెషన్‌కే అక్కడికి వస్తాడు. కీ పెట్టి చేసే పూరకానికి మాత్రం ఈ షరతు పెట్టలేదు. డబ్బు కట్టి కొన్నదాన్ని ఎప్పుడైనా వాడుకోనివ్వాలి.

9. శుభ్రంగా రాయండి

ప్రతి ఫీచర్‌కీ ఒకే వరస పాటించండి: ఎప్పుడు, ఏ యాక్షన్‌తో, ఎంత ఖర్చుతో, ఎవరికి, ఏ సేవ్, ఏమవుతుంది, ఎన్నిసార్లు, ఎప్పుడు తిరిగొస్తుంది. వర్ణన రెండు వాక్యాలు, అది కూడా నియమానికి ముందు, దాంతో కలపకుండా. "నిప్పుల నది ప్రవహిస్తుంది" అని నియమంలో రాస్తే, ఆ నదిలో పడవ తగలబడుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు.

మీ టేబుల్ వరకే అయితే ఎలా రాసినా ఇబ్బంది లేదు. బయట పెట్టాలన్నా, అమ్మాలన్నా సంగతి వేరు. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం 5.1ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద వదిలారు, పేరు పేర్కొంటే వాడుకోవచ్చు. అందులో మాంక్ సబ్‌క్లాస్ ఒక్కటే ఉంది, ఓపెన్ హ్యాండ్. 2021లో అధికారికంగా వచ్చిన డ్రాగన్ మాంక్, వే ఆఫ్ ది ఎసెండెంట్ డ్రాగన్, అందులో లేదు. దాన్ని చదవండి, తప్పకుండా చదవండి, వాళ్ళు ఊపిరిని రోజుకి ప్రొఫిషియన్సీ బోనస్ అన్నిసార్లు ఉచితంగా ఇచ్చి, ఆ తర్వాత కీ అడిగిన పద్ధతి నేర్చుకోదగ్గది. వాక్యాలు మాత్రం ఎత్తుకురావద్దు.

10. ఆడించి చూడండి, 2024 అయితే ఒకటి తీసేయండి

మూడు ఫైట్లు చాలు. ఒకటి, ఒక్క పెద్ద శత్రువుతో. రెండు, ఆరుగురు గాబ్లిన్లతో ఇరుకు గదిలో. మూడు, ఆటగాడు ఎంచుకున్న డ్యామేజ్‌కి లొంగని శత్రువుతో. ఆడాక "బాగుందా" అని అడగొద్దు, మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. "ఏ టర్న్‌లో ఏం చేయాలో తోచలేదు?", "ఏ నియమాన్ని రెండుసార్లు చదవాల్సి వచ్చింది?" అని అడగండి. మాంక్ ఆడినవాణ్ణి కాదు, పక్కన కూర్చున్నవాళ్ళని ముందు అడగండి.

2024 నియమాల్లో కీ పేరు ఫోకస్ పాయింట్లుగా మారింది, ఫీచర్లు వచ్చే లెవెల్స్ అవే. మార్షల్ ఆర్ట్స్ డైస్ మాత్రం ఒక మెట్టు పెరిగింది: డీ6తో మొదలై ఐదులో డీ8, పదకొండులో డీ10, పదిహేడులో డీ12. నా నియమం ఉన్నదున్నట్టు వాడితే ఐదో లెవెల్‌లోనే 4డీ8, సగటు 18. ఎక్కువ. రేచకంలో "ఒక మార్షల్ ఆర్ట్స్ డైస్ ప్లస్" అన్న ముక్క కొట్టేసి, పట్టి ఉంచిన డైస్ మాత్రమే వేయండి. అప్పుడు 2డీ6, 3డీ8, 4డీ10, 6డీ12: సగటు 7, 13.5, 22, 39. పాత అంకెల దగ్గరికే వచ్చేస్తాయి. పట్టి ఉంచిన డైస్ లేకపోతే ఊదడానికి ఏమీ ఉండదు, ఊపిరి లేనివాడు ఏం వదులుతాడు? పదమూడో లెవెల్‌లో ఏ రకం దాడినైనా అడ్డుకునే ఫీచర్ అక్కడ మాంక్‌కే వస్తుంది, మన ఆరో లెవెల్ ఫీచర్ దానితో కొంత కలుస్తుంది. స్పెల్స్ విషయంలో మనదే పైచేయి కాబట్టి నేను అలాగే వదిలేశాను.

మూడో డ్రాఫ్ట్‌ని మా టేబుల్ మీద మొదటిసారి పెట్టింది ఆ గాబ్లిన్ల గదిలోనే, మూడో లెవెల్ పాత్రలతో. మాంక్ ఆటగాడు పూరకం చేసి, ఊదేద్దామా వద్దా అని డైస్ చేతిలో గలగలలాడిస్తున్నాడు. విజర్డ్ మిత్రుడు ముందుకు వంగి, "ఎన్ని పట్టావు? ఉండు, ఉండు. ఇప్పుడే వదలకు, నన్ను వెబ్ వేయనీ" అన్నాడు. వెబ్ అనే సాలెగూడు స్పెల్‌లో ఇరుక్కున్నవాళ్ళకి డెక్స్టెరిటీ సేవ్ డిసడ్వాంటేజ్‌తో (రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) పడుతుంది. ఆరుగురిలో నలుగురు ఇరుక్కున్నారు. తర్వాతి టర్న్‌లో ఎర్ర డ్రాగన్ ఊపిరి వదిలితే గాబ్లిన్లతోపాటు వెబ్ కూడా అంటుకుంది. ఆ మంటకి ఇంకో 2డీ4 ఉంటుందని పుస్తకం తీసి చూపించింది కూడా అతనే.